మూడు లైన్ల మనిషి

“ఇది కూర్చింది మీరేనా?”

పెళ్ళయిన పదిహేనో రోజున ఆ ఇంట్లోంచి “మీరు”ను ఇద్దరూ కలిసి గెంటేశారు. పాలు పొంగిపోతుంటే “నువ్వు చూడొచ్చుగా!” అని ఆమె అరిచింది. అరిచాక నాలుక కరుచుకుంది. పొయ్యి ఆర్పడం మానేసి ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ రోజుతో దానికి ఈ ఇంట్లో నూకలు చెల్లాయనుకున్నారు. ఇవాళ పొద్దున్నే మళ్ళీ గుమ్మం తొక్కింది.

ఆమె మొగుడు, పేపరు ప్రెస్సులో పేజీలు కూర్చే కంపోజరు, తలెత్తలేదు. భోజనాల బల్ల మీద, ఉప్పు సీసా కింద, అరచేయంత పేపరు ముక్క ఉంది. మడతల దగ్గర చిరుగుపట్టింది. మూడు నెలలుగా ఆమె పర్సులో, కొలతల టేపుకీ సూదుల డబ్బాకీ మధ్య కాపురం చేసిన ముక్క.

“మిమ్మల్నే అడుగుతున్నాను.”

“నేనే.”

“ఎక్కడ కూర్చుని?”

“ప్రెస్సులో. నా సీట్లోనే. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచినప్పుడు.”

“నేను కట్టిచ్చిన డబ్బా తిన్నాకా, తినకముందా?”

“తినకముందు.”

“పోన్లెండి. ఖాళీ కడుపుతో ఆడారు అబద్ధం.”

ఇంకో రోజైతే ఈ మాటకి అతను పగలబడి నవ్వేవాడు. సూదిపిల్ల మాటలంటే అతనికి అంత ఇష్టం. ఆ పేరు పెట్టింది కూడా అతనే. చేతిలో సూది, నోట్లో సూది, ఆఖరికి చూపులోనూ సూదే. చేతి మీద పదకొండు కుట్లు పడ్డ రోజున కూడా, మత్తు దిగగానే కట్టు తప్పించి చూసుకుని, “ఈ డాక్టరుకి కుట్టు రాదు. నేనైతే పైకి కనపడకుండా లోపలి కుట్టు వేసేదాన్ని” అన్న మనిషి. ఆ మాటకి నర్సులంతా నవ్వారు. ఆ రాత్రి నుంచే ఆమె నిద్ర పోయింది. నిద్రపోవడం కాదు, నిద్రే పోయింది.

అప్పటికి వాళ్ళ పెళ్ళయి అయిదు వారాలు. ఆమె టైలరింగ్ షాపు మూసే వేళకి ఒకడు ముక్కు దాకా గుడ్డ కట్టుకుని లోపలికొచ్చాడు. బల్లసొరుగు తెరవమని చేత్తో సైగ చేశాడు. ఆమె కత్తెర ఎత్తింది. వాడు కత్తి దూశాడు. పెనుగులాటలో వాడి మొహం మీది గుడ్డ ఒక్క క్షణం జారింది. “ఎలా ఉన్నాడమ్మా?” అని పోలీసులు అడిగితే, “చెప్పలేను. చూస్తే మాత్రం గుర్తుపడతాను” అంది. ఆ తరవాత తలుపు వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయింది. ఎవరైనా గడప దాటితే చాలు, మిషను సూది వేలిలో దిగేది. షాపుకి తాళం పడింది. అర్ధరాత్రి లేచి గొళ్ళెం తడిమి చూసుకునేది. అతను పక్కన చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, వేసింది అతనేనని తెలిశాక క్షమించమని అడిగేది. కొత్త పెళ్ళాం మొగుణ్ణి క్షమించమని అడగడం అతను చూడలేకపోయాడు.

అందుకని ఒక మధ్యాహ్నం, నాలుగో పేజీలో నీళ్ళ పైపుల వార్త తీసేసి, అది పట్టినంత చోట్లో ఈ వార్త కూర్చాడు. “టైలరింగ్ షాపు దొంగ అరెస్టు.” అసలు అచ్చు మొదలయ్యేముందు మిషను మీద ఆడించి పారేసే పరీక్ష ప్రతుల్లో ఒక్కటంటే ఒక్కటి అలా తీయించాడు. ఆ పేపరు ఇంటికి తెచ్చి, ఏమీ ఎరగనట్టు కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు.

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. పేజీలు అతికించడమే వృత్తిగా ఉన్నవాడికి అంతకంటే ఏం చేతనవుతుంది? అతికిపోయింది.

ఊడిపోయింది మాత్రం నిన్న సాయంత్రం. హెడ్‌కానిస్టేబులమ్మ తలుపు తట్టి, “అనుమానం మీద ఒకణ్ణి పట్టుకున్నామమ్మా. రేపు పదకొండింటికి స్టేషనుకొచ్చి గుర్తుపట్టాలి” అంది. “వాడెప్పుడో దొరికాడు కదండీ, పేపర్లో కూడా వేశారు” అని సూదిపిల్ల నవ్వుతూ పర్సు తెరిచింది. హెడ్డమ్మ ముక్కని అటూ ఇటూ తిప్పి, పై హెడ్డింగు మాత్రం చదివి, కళ్ళజోడు మీంచి చూసింది. ఆ చూపు సూదిపిల్ల మీద ఆగలేదు. వెనక తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మొగుడి మీద ఆగింది. తేలు కుట్టిన దొంగ మొహం ఎలా ఉంటుందో పోలీసువాళ్ళకి ఒకరు చెప్పాలా?

“కామాగారికి తెలుసా?” సూదిపిల్ల అడిగింది.

కామాగారు ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పెద్దాయన. ఎక్కడ సందు దొరికినా కామా పెట్టకుండా వదలడని ఆ పేరు. వీళ్ళ పెళ్ళి శుభలేఖలో కూడా నాలుగు పెట్టాడు.

“తెలుసు. ప్రూఫు ఆయనే చూశారు.”

“దిద్దారా?”

“రెండు కామాలు పెట్టారు.”

“అంటే నాతో ఆడిన అబద్ధానికి తప్పులు కూడా దిద్దించారన్నమాట.”

వంటగది గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న అత్తగారికి ఇక ఓపిక చచ్చింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది నిన్నటి నుంచి నోరు కట్టుకుని కూర్చుంది.

“చూడమ్మాయ్, నేను నా కొడుకుని వెనకేసుకు రావడం లేదు. వాడు చేసింది వెధవ పనే. కానీ ఆ పేపరు వచ్చిన రాత్రి నువ్వు గుర్రుపెట్టి పడుకున్నావా లేదా? మర్నాడు షాపు తెరిచావా లేదా?”

“పడుకున్నాను అత్తయ్యా. తెరిచాను.”

“మరి?”

“అదే నా ఏడుపు. ఈ మూడు నెలలూ ఒక్కదాన్నే బజారుకెళ్ళి గుండీలు కొనుక్కొచ్చాను. చీకటి పడ్డాక నడిచి ఇంటికొచ్చాను. నాకు ధైర్యం వచ్చిందనుకున్నాను. పదిమందికి చెప్పుకున్నాను కూడా. అది నా ధైర్యం కాదు. ఈయన పేజీలో కూర్చిన ధైర్యం.”

అత్తగారు వంటగదిలోకి నడిచింది. మాట నెగ్గనప్పుడు ఆవిడ టీ పెడుతుంది. గిన్నెల చప్పుడు మొదలైంది.

కంపోజరుకి ఆ మూడు నెలలూ ఒక్కొక్కటిగా కళ్ళ ముందు తిరిగాయి. ఒకరోజు ఆమె రెండు ఐసుపుల్లలు కొనుక్కుని, ఒకటి అతనికని ప్రెస్సు దాకా పరుగెత్తుకొచ్చింది. వచ్చేసరికి పుల్లలు మిగిలాయి. ఆ పుల్లలే చెరోటి పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. అతని చొక్కా భుజం అర అంగుళం జారిందని నడివీధిలో ఆపి, నోట్లోంచి గుండుసూది తీసి గుచ్చింది మరోరోజు. అంత సంతోషం తన చేతుల్లోంచి వచ్చిందని అతను లోలోపల ఎంత మురిసిపోయాడు! ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాడు. ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి చెప్పి నవ్వేది. నవ్వుతున్న మనిషికి ఎలా చెప్పడం?

“పదిన్నరవుతోంది.” సూదిపిల్ల లేచింది. ఉప్పు సీసా కింది ముక్క తీసి మరోసారి చదువుకుంది. “ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అన్నీ అబద్ధాలే రాసినా మనిషిని మాత్రం ఉన్నదున్నట్టు రాశారు.”

అతను చప్పున తలెత్తాడు.

“ఎడమ కనుబొమ్మ మీద తెగిన మచ్చ. లోపలికి పోయిన బుగ్గలు. నలభై దాటిన వయసు. నిద్రలో కలవరించి ఉంటాను, మీరు విని రాసి ఉంటారు. కదూ?”

కంపోజరు ఉప్పు సీసాని పక్కకి జరిపాడు.

ఆమె కలవరించలేదు. అతను వినలేదు. నీళ్ళ పైపుల వార్త పట్టే చోట్లో ఈ వార్త పెడితే మూడు లైన్లు తక్కువ పడ్డాయి. అడుగున తెల్లగా చోటు మిగిలితే పేజీ వెలితిగా కనపడుతుంది. పన్నెండేళ్ళుగా అతను ఏ పేజీలోనూ వెలితి వదల్లేదు. ఆ మూడు లైన్లు నింపడానికి ఒక మచ్చ రాశాడు. మచ్చకి సరిపోయే బుగ్గలు రాశాడు. ఇంకా రెండు మాటల చోటు మిగిలితే వయసు రాశాడు. అలా ఓ మనిషి తయారయ్యాడు.

“చెప్పరేం? కలవరించానా?”

“అది…”

“టీ చల్లారిపోతుంది, తాగి వెళ్ళండి!” అత్తగారు రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద ఠంగున పెట్టింది. “ఒరేయ్, అలా గుడ్లప్పగించి చూస్తావేం? తాగు.”

తాగాడు. మాట టీతో పాటు లోపలికి పోయింది.

స్టేషను నడిచి వెళ్తే పావుగంట. ఆమె ముందు నడిచింది, అతను రెండడుగుల వెనక. బట్టల కొట్టు దాటారు. బూట్లు కుట్టే అతను ఆమెకి చెయ్యెత్తాడు. ఆమె కూడా ఎత్తింది. ఎత్తిన చెయ్యి దించుతూ మెల్లగా అంది.

“మొహం గుర్తుందిలెండి. భయపడకండి. ఎన్నిసార్లు చదివానో! కళ్ళు మూసుకుంటే చాలు, ఆ మచ్చే కనపడుతుంది.”

“ఒక్క నిమిషం ఆగు. నీకో మాట చెప్పాలి.”

ఆమె ఆగలేదు. “ఇప్పుడు వద్దు. మీ మాట ఏదైనా సరే, ఇప్పుడు వద్దు. నేను ఈ పావుగంటా వాడి మొహం పట్టుకుని నడుస్తున్నాను. చేతిలో నీళ్ళలా ఉంది. మాట్లాడితే ఒలికిపోతుంది.”

తప్పు దిద్దడానికి ప్రూఫులో రెండు అవకాశాలుంటాయని కామాగారు చెబుతుంటాడు. చదివేటప్పుడు ఒకటి, సంతకం పెట్టేముందు ఒకటి. కంపోజరు ఒకటి టీతో మింగాడు. రెండోది ఈ వీధిలో ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని బలవంతంగా ఆపి ఉండవచ్చు. కానీ ఆ చెయ్యి ఈమధ్యే అతను తాకితే ఉలిక్కిపడటం మానేసింది. పట్టుకోలేకపోయాడు.

మలుపు తిరిగారు. స్టేషను వచ్చేసింది.

హెడ్డమ్మ గుమ్మంలోనే ఉంది. “రామ్మా. అయిదుగురుంటారు వరసలో. తొందరేం లేదు. ఒక్కొక్కరి ముందూ నిలబడి చూడు. ఎవరూ నిన్ను ముట్టుకోరు. పక్కన నేనుంటాను, ఎస్సైగారుంటారు. వాడనిపిస్తే చూపించు. లేడనిపిస్తే లేడను. నువ్వు చూపించకపోతే మాత్రం సాయంత్రం అయిదింటికి వాణ్ణి వదిలేయాల్సిందే. మా దగ్గర ఇంకో సాక్ష్యం లేదు.”

“మీరు ఇక్కడ కూర్చోండి” అని సూదిపిల్ల అతనికి బెంచీ చూపించింది. లోపలికి వెళ్తూ ఎడమ చేతి కుట్ల మచ్చల మీదికి జాకెట్టు చెయ్యి లాక్కుంది. తలుపు మూసుకుంది.

కంపోజరు కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఎదుటి గోడకి గడియారం, దాని కింద బల్ల, బల్ల మీద లావుపాటి రిజిస్టరు. ముళ్ళు కదులుతున్నాయో లేదో తెలీదు.

నాలుగు నిమిషాలు కాకముందే తలుపు తెరుచుకుని హెడ్డమ్మ ఒక్కతే బయటికొచ్చింది. రిజిస్టరు అందుకుంది. ఆమె మొహంలో రంగు లేదు.

“అమ్మా, మీకో విషయం చెప్పాలి.” అతను ఒక్క ఊపులో అన్నాడు. “ఆ పేపరు ముక్కలో మనిషి ఆనవాళ్ళున్నాయి. అవి అబద్ధం. వార్త ఒక్కటే కాదు, ఆనవాళ్ళు కూడా నేనే పుట్టించాను. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, అదీ. అవన్నీ నిజమని ఆమె నమ్మింది. మూడు నెలల నుంచి రోజూ చదువుతోంది. ఆమె చూసిన మొహం ఇప్పుడు ఆమె దగ్గర లేదు. నేను రాసిందే ఉంది.”

హెడ్డమ్మ రిజిస్టరు గుండెకి ఆనించుకుని నిలబడిపోయింది.

“నిన్న నేను హెడ్డింగు దాటి చదవలేదు. చదివి ఉంటే వరసలో మచ్చ ఉన్నవాణ్ణి పెట్టనిచ్చేదాన్నా?” గొంతు తగ్గించింది. “సంఖ్యకోసం మా జీపు డ్రైవర్ని నిలబెట్టాం. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి వాడి కనుబొమ్మ చీలింది. మీ ఆవిడ వాడి ముందు ఆగి ‘వీడే’ అంది. ఒక్క క్షణం కూడా తడబడలేదు. వాడు ఇద్దరు పిల్లల తండ్రి, పాపం చెమటలు కారిపోయాయి.”

“ఆమెకి తెలుసా?”

“ఎవరూ చెప్పలేదు ఇంకా. ఎస్సైగారు చెప్పమన్నారు నన్ను. నువ్వు చెబుతావా? నన్ను చెప్పమంటావా?”

అతను నోరు తెరిచేలోపే సూదిపిల్ల తలుపు తోసుకుని వచ్చింది.

ఎన్నాళ్ళకి చూశాడు ఆ మొహాన్ని! పెళ్ళికి ముందు, షాపు బల్ల వెనక నిలబడి, కొత్త గౌను ఎవరికో సరిగ్గా అమరినప్పుడు ఎలా వెలిగేదో అలా వెలుగుతోంది. కళ్ళలో నీళ్ళున్నాయి, కింద నవ్వుంది. నేరుగా వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది.

“చూపించాను. నా కాళ్ళు వణకలేదు. వాడి కళ్ళలోకి చూసి చూపించాను. ఇంక ఏ పేపరూ అక్కర్లేదు నాకు. అయిపోయింది కదా? చెప్పు, అయిపోయింది కదా?”

బెంచీ దగ్గర హెడ్డమ్మ తల పక్కకి తిప్పుకుంది.

ఒక్క “అవును” చాలు. ఇంటి దాకా ఆ చేతులు అలాగే ఉంటాయి. సాయంత్రం దాకా ఉంటాయి. మళ్ళీ ఎప్పుడో, ఎవరో వచ్చి తలుపు తట్టేదాకా ఉంటాయి. తియ్యటి అబద్ధం రుచి అతనికి తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది.

“కాలేదు” అన్నాడు. “నువ్వు చూపించింది వాణ్ణి కాదు. అతను ఇక్కడి జీపు డ్రైవరు.”

ఆమె నవ్వు వెంటనే పోలేదు. వినని మాటకి నవ్వినట్టు కాసేపు మొహం మీదే ఉండిపోయింది.

“మచ్చ ఉంది కదా?”

“ఉంది. కానీ నీ మీదికి వచ్చినవాడికి ఉందో లేదో నాకు తెలీదు. నువ్వు కలవరించలేదు. వార్త మూడు లైన్లు తక్కువ పడింది. నింపడానికి రాశాను.”

“నింపడానికి.”

“పొద్దున్న నువ్వు అడిగినప్పుడే చెప్పాల్సింది. దారిలో అయినా చెప్పాల్సింది.”

చేతులు వదిలేసింది. విసురుగా కాదు. ఎవరిదో వస్తువు వాళ్ళకి తిరిగిచ్చినట్టు, నెమ్మదిగా. బెంచీ మీద కూర్చుంది. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాడు.

ఆమె హెడ్డమ్మ వైపు తిరిగి అడిగింది. “అయితే వాడు ఆ అయిదుగురిలోనే ఉన్నాడా?”

“మేం అనుమానిస్తున్నవాడు ఉన్నాడమ్మా. ఎవరో నేను చెప్పకూడదు.”

“నేను వాడి ముందు నుంచే నడిచాను. నేను వాణ్ణి పోల్చుకోలేదు. వాడు నన్ను పోల్చుకునే ఉంటాడు.” చేతి మీది కుట్ల మచ్చలు ఒక్కొక్కటీ వేలితో తడుముకుంది. “సాయంత్రం అయిదింటికి వదిలేస్తారు. నా షాపు వాడికి తెలుసు.”

కంపోజరు ఆమె పక్కన కూర్చోబోయి, కూర్చోవచ్చో లేదో తెలియక, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

“నన్ను మళ్ళీ లోపలికి పంపిస్తారా?” సూదిపిల్ల అంది.

“ఒకసారి తప్పు చూపించాక రెండోసారి చెల్లుతుందో లేదో… ఎస్సైగారిని అడగాలి. అయినా ఆ మొహాల్లో ఇప్పుడేం చూస్తావమ్మా?”

“మొహాలు చూడను. మొహం సంగతి అయిపోయింది. కళ్ళకి గంతలు కట్టండి. అయిదుగురినీ ఒక్కొక్కరుగా ఒకే మాట అనమనండి. వాడు ఆ రోజు నాతో అన్న మాట. గొంతు నాకు తెలుసు.”

హెడ్డమ్మ బల్ల దగ్గరికి వెళ్ళి రిజిస్టరు వెనక్కి తిప్పింది. ఆరు నెలల కిందటి పేజీ తెరిచి, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివింది. “ఇందులో వాడేమీ మాట్లాడలేదని ఉంది కదమ్మా. నువ్వే చెప్పావు.”

“నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను.”

కంపోజరు గోడ వదిలి ఒకడుగు ముందుకొచ్చాడు. ఆమె ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ, ఇంటికొచ్చాక అన్ని రాత్రులూ, “వాడేమైనా అన్నాడా?” అని అతను అడగని రోజు లేదు. “ఏమీ అనలేదు” అని ఆమె చెప్పని రోజూ లేదు.

“ఏమన్నాడు?” అన్నాడు.

ఆమె అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే అతను తట్టుకునేవాడు.

“ఆ మాట మా అమ్మకి కూడా చెప్పలేదు” అంది హెడ్డమ్మతో. “మీకు చెబుతాను. రాసుకోండి. కానీ ముందు ఈయన్ని బయటికి పంపించండి.”